కిడ్నీకి చూపిస్తే గుండె జాగ్రత్త అంటున్నారు, ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కోనసీమ. నేను హైదరాబాద్‌లో ఉంటాను. మా నాన్నగారికి 62 ఏళ్ళు. షుగరు 15 ఏళ్ళుగా ఉంది, బీపీ పదేళ్ళుగా. క్రియాటినిన్ 1.9కి పెరిగితే కాకినాడలో కిడ్నీ డాక్టరుగారికి చూపించాం. యూరిన్‌లో అల్బుమిన్ 420 అని వచ్చింది. ఆయన టెల్మిసార్టాన్, డాపాగ్లిఫ్లోజిన్, అటోర్వాస్టాటిన్, ఆమ్లోడిపిన్ రాశారు. మూడు వారాల తర్వాత పరీక్ష చేస్తే క్రియాటినిన్ 2.1, పొటాషియం 5.1. ‘మందు వేసుకుంటే తగ్గాలి గానీ పెరుగుతుందా’ అని నాన్నగారు టెల్మిసార్టాన్ మానేశారు. కొలెస్ట్రాల్ నార్మల్ అని ఆ మాత్ర కూడా పక్కన పెట్టారు. ఇంట్లో మిషన్ మీద బీపీ 166/68 వస్తోంది. ‘కింది బీపీ తక్కువే కదా, భయం లేదు’ అంటారు మా బాబాయి. ఎకో రిపోర్టులో ‘ఎల్‌వీహెచ్, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ఈఎఫ్ 62 శాతం’ అని ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో అయోర్టాలో కాల్షియం ఉందన్నారు. డాక్టరుగారు ‘రక్తనాళాలు గట్టిపడ్డాయి, కిడ్నీ సంగతి నేను చూస్తాను, మీరు గుండె జాగ్రత్త’ అన్నారు. కిడ్నీకి వెళ్తే గుండె అంటారేమిటి? యాంజియోగ్రామ్ చేయించాలా? కాళ్ళ నొప్పులకని మా ఊరి ఆర్‌ఎంపీ గారు ఇచ్చిన కాల్షియం మాత్రలు, వారానికొక విటమిన్ డి పొట్లం ఏడాదిగా వాడుతున్నారు. అవే నాళాల్లో పేరుకున్నాయా? డయాలసిస్ ఎప్పుడు పడుతుంది? ఇంటి కొబ్బరి బోండాలు రోజూ తాగుతారు, పర్వాలేదా?

జవాబు: చూడండమ్మా, మీ ఉత్తరంలో అంకెలు చాలా ఉన్నాయి. ఇంట్లో అందరూ క్రియాటినిన్ 2.1 పట్టుకుని కూర్చున్నట్టున్నారు. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం అది. నేను మొదట ఆగింది 166/68 దగ్గర. మీ డాక్టరుగారు గుండె మాట ఎందుకెత్తారో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి.

మీ బాబాయిగారి మాట చాలా ఇళ్ళలో వినేదే. పై అంకె వయసుతో, టెన్షన్‌తో పెరుగుతుందని, కింది అంకే అసలు బీపీ అని ఒక తరం మొత్తం నమ్మింది. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే చెప్పేవారు. కుర్ర వయసులో కింది అంకెకు విలువుంది, కాదనను. యాభై దాటాక లెక్క తిరగబడుతుంది. అప్పుడు పై అంకె ఎంత పెరిగితే అంత ప్రమాదం. పై అంకె పెరుగుతూ కింది అంకె తగ్గుతుంటే ఇంకా ప్రమాదం. 166లోంచి 68 తీసేయండి, 98 వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ తేడా 40 దరిదాపుల్లో ఉంటుంది. పెద్దవాళ్ళలో 60 దాటితే పెద్ద రక్తనాళాలు గట్టిపడ్డాయని అనుకోవచ్చు. కాబట్టి ఆ 68ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. నాన్నగారి అయోర్టా, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, సాగే గుణం పోగొట్టుకుంది కాబట్టే అది అంత కిందికి దిగింది.

ఎలాగంటే, మీ ఊళ్ళో బోరింగు కొడితే నీళ్ళు ఎలా పడతాయో గుర్తు తెచ్చుకోండి. చెయ్యి కిందికి నొక్కినప్పుడు భళ్ళున పడతాయి, పైకి లేపినప్పుడు ఆగిపోతాయి. గుండె కొట్టేదీ అలా దఫాలు దఫాలుగానే. అయినా మన వేళ్ళ చివర్లకు, కిడ్నీలోని వెంట్రుకలకన్నా సన్నటి నాళాలకు రక్తం ఆగకుండా సాఫీగా అందుతుంది. ఆ పని చేసిపెట్టేది అయోర్టా. గుండె రక్తాన్ని నెట్టగానే అది ఉబ్బి కొంత రక్తాన్ని తనలో ఆపుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునే క్షణంలో తిరిగి ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు తోస్తుంది. కింది బీపీ నిలబడేది ఆ తోపు వల్లే.

అయోర్టా గట్టిపడితే ఉబ్బదు. గుండె నెట్టిన ఒత్తిడి మొత్తం పై అంకెలోకి వెళ్తుంది. ముడుచుకునేదీ లేదు కాబట్టి కింది అంకె పడిపోతుంది. దీనితో మూడు నష్టాలు. ప్రతి దెబ్బకూ గట్టి గోడకు ఎదురు నెట్టాల్సి రావడంతో గుండె కండ మందమవుతుంది, ఎకోలో ఎల్‌వీహెచ్ అన్నది అదే. మందమైన కండకు రక్తం ఎక్కువ కావాలి. కానీ గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళాలు ప్రధానంగా గుండె విశ్రాంతి తీసుకునే సమయంలోనే నిండుతాయి, సరిగ్గా అప్పుడే ఒత్తిడి పడిపోతోంది. అంటే నాళాల్లో పెద్ద అడ్డంకేమీ లేకపోయినా గుండెకు తిండి చాలదు. ఇక మూడోది, మెదడు, కిడ్నీ ఈ రెండు అవయవాల్లోకి రక్తం ధారాళంగా, పెద్దగా నిరోధం లేకుండా వెళ్తుంది. అయోర్టా మెత్తగా మార్చి పంపాల్సిన దెబ్బ నేరుగా వాటి సన్నటి నాళాలకు తగులుతుంది. కిడ్నీ జల్లెడలు అలా చెడతాయి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. కిడ్నీ చెడితే నాళాలు ఇంకా గట్టిపడతాయి, నాళాలు గట్టిపడితే కిడ్నీ ఇంకా చెడుతుంది.

కిడ్నీ జబ్బులో నాళాలు అంత త్వరగా ఎందుకు గట్టిపడతాయి? అందరికీ వయసుతో నాళం గోడలో సాగే ఎలాస్టిన్ పోగులు తెగి, వాటి స్థానంలో గట్టి కొల్లాజెన్ పేరుకుంటుంది. షుగరు ఉంటే ఆ కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుంటాయి. ఒంట్లో ఉప్పూ నీరూ ఎక్కువై నాళాల మీద ఒత్తిడి పెరగడం ఇంకొకటి. అన్నిటికన్నా విచిత్రమైంది కాల్షియం సంగతి. రక్తంలో ఫాస్ఫేటు ఎక్కువై, కాల్షియం పేరుకోకుండా కాపాడే ప్రోటీన్లు తగ్గినప్పుడు, నాళం గోడ మధ్య పొరలోని కండకణాలు తమ పని మానేసి ఎముక కణాల్లా ప్రవర్తించడం మొదలుపెడతాయి. కాల్షియం అక్కడ ఊరికే ఒలికి ఎండిపోదు, ఆ కణాలే పూనుకుని కడతాయి. కిడ్నీ జబ్బూ షుగరూ ఉన్నవాళ్ళ పాదానికి ఎక్స్‌రే తీస్తే కొన్నిసార్లు ఎముకల పక్కన రక్తనాళం రెండు తెల్లటి గీతలుగా కనబడుతుంది. మామూలుగా ఎక్స్‌రేలో రక్తనాళం కనబడకూడదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. లండన్ గైస్ ఆసుపత్రిలో రిచర్డ్ బ్రైట్ 1836లోనే, కిడ్నీలు ముడుచుకుపోయి చనిపోయినవాళ్ళలో గుండె పెద్దదై ఉండటం గమనించి రాశాడు. 1999లో ఫ్రాన్సులో 241 మంది డయాలసిస్ రోగుల్లో అయోర్టా గట్టిదనాన్ని కొలిచి కొన్నేళ్ళు గమనించారు. నాళాలు ఎంత గట్టిగా ఉంటే మరణాలు అంత ఎక్కువ. వయసు, బీపీ లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం చెరగలేదు. డయాలసిస్ దాకా పోని వాళ్ళ సంగతి ఉత్తర కాలిఫోర్నియాలో 11 లక్షల మంది రికార్డులు చూసి 2004లో తేల్చారు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే అంకె) 60 పైన ఉన్నవాళ్ళతో పోలిస్తే 30 నుంచి 44 మధ్య ఉన్నవాళ్ళకు గుండెపోటు, పక్షవాతం లాంటివి రెండింతలు. నాన్నగారి వయసుకు క్రియాటినిన్ 1.9 అంటే ఈజీఎఫ్‌ఆర్ సుమారు 39. అంటే ఆయన ఆ గుంపులోనే ఉన్నారు. పైగా 300 దాటిన అల్బుమిన్ ఈ ప్రమాదాన్ని విడిగా పెంచుతుంది.

‘డయాలసిస్ ఎప్పుడు పడుతుంది’ అని అడిగారు. అసలు పడకపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువ మంది డయాలసిస్ బల్ల దాకా చేరనే చేరరు. వాళ్ళలో కొందరికి జబ్బు ముదరక, మరికొందరికి అంతకన్నా ముందే గుండె ఆగి. వినడానికి కటువుగా ఉన్నా, నాన్నగారికి ఇది తెలియాలి. ఆయన భయమంతా డయాలసిస్ చుట్టూనే తిరుగుతోంది, ఆ భయంతోనే గుండెను కాపాడే మాత్రలు మానేశారు.

ఇప్పుడు ఆ మాత్రల విషయం. టెల్మిసార్టాన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరగడం తప్పు కాదు, చాలామందిలో జరిగేదే. కిడ్నీ జల్లెడల్లో ఒత్తిడి ఎక్కువై అవి అరిగిపోతుంటే ఈ మాత్ర ఆ ఒత్తిడిని దించుతుంది. ఒత్తిడి దిగినప్పుడు వడపోత కొద్దిగా తగ్గి క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. దీర్ఘకాలంలో కిడ్నీ నిలబడుతుంది. డాపాగ్లిఫ్లోజిన్ కూడా మొదట్లో ఇలాగే కొద్దిగా పెంచుతుంది. ఆయనకు రెండూ కలిసి 1.9 కాస్తా 2.1 అయింది, అంటే పదకొండు శాతం లోపు. కేడీగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ మార్గదర్శకాల ప్రకారం నాలుగు వారాల్లో 30 శాతం దాటి పెరిగితేనే కారణం వెతకాలి. ఆయన విషయంలో ఆ హద్దు దాదాపు 2.5 దగ్గర ఉంది. 2.1కి మాత్ర మానేయనవసరం లేదు. పొటాషియం 5.1 అంటే గీత దగ్గర ఉన్నట్టు. దాన్ని తగ్గించే దారులున్నాయి, వాటి సంగతి కింద చెబుతాను. డాక్టరుగారికి ఫోన్ చేసి మానేసిన విషయం దాచకుండా చెప్పండి. ఆయన సరేనంటే మళ్ళీ మొదలుపెట్టి, రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూపించండి. మానేసి వెళ్ళి ‘వాడుతూనే ఉన్నాం’ అని చెబితే ఆయన ఇంకో బీపీ మాత్ర రాస్తారు. ఇది రోజూ జరిగేదే.

డాపాగ్లిఫ్లోజిన్ మానలేదని ఉత్తరంలో అర్థమైంది, సంతోషం. ‘షుగరు మాత్ర కదా’ అని దాన్ని తీసేసే ప్రమాదం ఉంది గనక చెబుతున్నాను. 2020లో వెలువడిన డాపా-సీకేడీ అధ్యయనంలో 4,304 మంది కిడ్నీ రోగులున్నారు. ఈజీఎఫ్‌ఆర్ 25 నుంచి 75, అల్బుమిన్ 200 నుంచి 5,000 మధ్య ఉన్నవాళ్ళను తీసుకున్నారు. నాన్నగారి అంకెలు సరిగ్గా అందులో పడతాయి. షుగరు లేనివాళ్ళు కూడా ఉన్నారు అందులో. కిడ్నీ బాగా దెబ్బతినడం, డయాలసిస్, కిడ్నీ లేదా గుండె వల్ల చనిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. మొత్తం మరణాలు 31 శాతం తగ్గాయి. మన దేశంలో ఇప్పుడు ఈ మందు చాలా కంపెనీల పేర్లతో చౌకగా దొరుకుతోంది. జనఔషధి దుకాణంలో కూడా అడగండి. ఒకటే జాగ్రత్త, వాంతులు విరేచనాలై తిండి తినలేని రోజున, ఆపరేషన్‌కు ముందు దీన్ని ఆపాలి. అలాంటి రోజున టెల్మిసార్టాన్ సంగతి కూడా డాక్టరుని అడగాలి. మళ్ళీ తిండి మామూలుగా తింటున్నప్పుడు మొదలుపెట్టాలి. ఈ రెండో సగం చాలామంది మర్చిపోతారు.

అటోర్వాస్టాటిన్ ఆయన ‘కొలెస్ట్రాల్ నార్మల్’ అని మానేశారు. ఆ మాత్ర కొలెస్ట్రాల్ అంకె కోసం రాసింది కాదు, ఆయనకున్న ప్రమాదం కోసం రాసింది. 2011లో షార్ప్ అనే అధ్యయనంలో తొమ్మిది వేలకు పైగా కిడ్నీ రోగులకు సిమ్వాస్టాటిన్ అనే ఇదే రకం (స్టాటిన్) మాత్రతో పాటు ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర ఇస్తే గుండెపోటు, పూడిక వల్ల వచ్చే పక్షవాతం లాంటివి 17 శాతం తగ్గాయి. యాభై దాటిన కిడ్నీ రోగులకు స్టాటిన్ ఇవ్వాలన్న సలహా అక్కణ్ణించే వచ్చింది. ఇంకో విషయం, డయాలసిస్ మొదలయ్యాక కొత్తగా స్టాటిన్ మొదలుపెడితే పెద్దగా లాభం కనబడలేదు. అంటే వాడాల్సిన కాలం ఇదే. నిజం చెప్పాలంటే స్టాటిన్ అయోర్టాను మెత్తబరచదు. అది నాళం లోపలి పొరలో కొవ్వు పూడికల మీద పనిచేస్తుంది. నాన్నగారిలో రెండు రకాల జబ్బూ ఉండే అవకాశం ఉంది. ఒకటి లోపలి పొరలో పూడిక, రెండోది మధ్య పొరలో కాల్షియం.

మరి మధ్య పొరలో పేరుకున్న కాల్షియాన్ని కరిగించే మందు? ఇవాళ్టికి లేదు. ఆన్‌లైన్‌లో ‘నాళాల్లో కాల్షియం తీసేస్తుంది’ అని విటమిన్ కె2 గుళికలు అమ్ముతున్నారు, మీ దాకా ఇంకా రాకపోయినా వస్తుంది. కిడ్నీ రోగుల మీదే ఒక ఏడాది పాటు కె2 ఇచ్చి చూసిన స్కాట్లాండ్ అధ్యయనంలో నాళాల గట్టిదనం తగ్గలేదు. డబ్బు దండగ. మనం చేయగలిగింది, ఉన్న గట్టిదనం పెరగకుండా చూడటం, దాని మీద పడే ఒత్తిడి దించడం. నాళం మీద ఒత్తిడి దిగితే గోడ కూడా కొంత వదులవుతుంది, అందుకే బీపీ అన్నిటికన్నా ముఖ్యం.

ఎంతకు దించాలి? కేడీగో 2021లో పై అంకె 120 లోపు అంది, అది పద్ధతిగా కొలిచినప్పటి మాట. నాన్నగారి లాంటి మనిషిని 166 నుంచి ఒక్కసారి 120కి లాగితే కళ్ళు తిరిగి పడిపోతారు. షుగరు ఉన్నవాళ్ళలో లేచి నిలబడినప్పుడు బీపీ పడిపోవడం మామూలే. ముందు 140 లోపుకి, తర్వాత 130 లోపుకి, ఒంటికి సరిపడితే ఇంకా కిందికి, కొన్ని వారాల మీద దించడం నాకు నచ్చే పద్ధతి. కింది అంకె మరీ తగ్గి ఛాతీ పట్టేసినట్టున్నా, తల తిరుగుతున్నా డాక్టరుకు చెప్పాలి. ఆమ్లోడిపిన్ పైన క్లోర్‌థాలిడోన్ లాంటి మూత్రం మాత్ర కలిపే విషయం కూడా అడగండి. తీవ్రమైన కిడ్నీ జబ్బులోనూ అది బీపీని బాగా దించుతుందని 2021లో అమెరికాలో తేలింది. పైగా అది పొటాషియాన్ని తగ్గిస్తుంది, 5.1 ఉన్న మనిషికి అదొక కలిసొచ్చే సంగతి. సోడియం మరీ పడిపోకుండా పరీక్షలు మాత్రం చేయిస్తుండాలి.

ఇంట్లో బీపీ ఎలా చూస్తున్నారో రాయలేదు. చాలా ఇళ్ళలో పెద్దాయన బయటి నుంచి వచ్చి కూర్చోగానే చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టి, పక్కన టీవీ మోగుతుంటే, ‘ఎంతొచ్చింది, ఎంతొచ్చింది’ అని మాట్లాడుతూ చూస్తారు. అలా పది పదిహేను ఎక్కువ వస్తుంది. మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కాఫీ, చుట్ట తాగి అరగంటైనా అయి ఉండాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు, పొద్దున మాత్రలకు ముందు, రాత్రి పడుకునే ముందు, వారం రోజులు రాయండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావి సగటు తీయండి. నిలబడ్డాక కూడా ఒకసారి చూడండి. ఆ కాగితం పట్టుకెళ్తే ఏ ఖరీదైన పరీక్షకన్నా డాక్టరుకు ఎక్కువ ఉపయోగం. నాళాల గట్టిదనం కొలిచే పరీక్ష ఉంది, మెడ దగ్గర నుంచి తొడ దాకా నాడి అల ఎంత వేగంగా వెళ్తుందో చూస్తుంది. సెకనుకు 10 మీటర్లు దాటితే గట్టిపడ్డట్టు. కొన్ని డయాగ్నస్టిక్ సెంటర్లలో ప్యాకేజీగా చేస్తున్నారు. మీకు మాత్రం అది అక్కర్లేదు, ఎందుకంటే ఆయన బీపీలో 98 తేడా, ఎకో, ఎక్స్‌రే ముగ్గురూ ఒకే సాక్ష్యం చెబుతున్నారు. ఆ పరీక్షలో ఏమొచ్చినా మందులు ఇవే.

ఎకోలో ఈఎఫ్ 62 చూసి గుండె బాగుందనుకుంటున్నారేమో. ఈఎఫ్ అంటే గుండె ఎంత బాగా ముడుచుకుంటుందన్న లెక్క. ఆయనకు తేడా వచ్చింది వదులయ్యే దగ్గర, డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటే అదే. మందమైన గుండె సరిగ్గా వదులవక నిండటం తగ్గితే, ఈఎఫ్ నిక్షేపంగా ఉండగానే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. మేడ మెట్లెక్కుతుంటే మునుపటికన్నా ఆయాసం, రాత్రి రెండు దిండ్లు కావాల్సి రావడం, సాయంత్రానికి చెప్పులు బిగుతవడం, రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరగడం, ఇవి కనబడితే వాయిదా వేయకండి.

యాంజియోగ్రామ్ ఇప్పుడు అక్కర్లేదు. నొప్పి, ఆయాసం లాంటివి లేకుండా ఊరికే చూద్దామని చేయించే పరీక్ష కాదది. యాంజియోగ్రామ్ నాళం లోపలి దారిని చూపిస్తుంది, గోడ గట్టిదనాన్ని చూపించదు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ఆ రంగు మందు కొంత రిస్కే. నాన్నగారికన్నా ఎక్కువగా కిడ్నీలు చెడి, గుండెకు రక్తం చాలట్లేదని పరీక్షలో తేలిన 777 మంది మీద 2020లో వెలువడిన అధ్యయనంలో, ముందుగానే యాంజియోగ్రామ్ చేసి స్టెంటో బైపాసో చేసినవాళ్ళకు మందులతో నడిపినవాళ్ళకన్నా మరణాలూ గుండెపోట్లూ తగ్గలేదు. అయితే గుండెపోటే వస్తే కిడ్నీ భయంతో యాంజియోగ్రామ్ వద్దనకండి. అప్పుడు ప్రాణం ముందు.

గుండెపోటు గుర్తుపట్టడం గురించి కాస్త ఆగి చెప్పాలి. పదిహేనేళ్ళ షుగరు ఉన్న మనిషికి సినిమాలో చూపించినట్టు ఛాతీ పట్టుకుని కూలబడే నొప్పి రాకపోవచ్చు. పొట్ట పైభాగంలో బరువు, దవడ లాగడం, చల్లటి చెమట, కారణం లేని ఆయాసం, ‘గ్యాస్ పట్టేసింది’ అన్న మాట. మన ఇళ్ళలో గ్యాస్‌కి సోడా తాగించి పడుకోబెడతారు. ఆయన విషయంలో చెమటతో వచ్చిన గ్యాస్‌ని గ్యాస్ అనుకోకండి. 108కి ఫోన్ చేసి, గంటలోపు ఈసీజీ తీయించండి. గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కిడ్నీ జబ్బులో మామూలుగానే కొంచెం ఎక్కువ ఉండొచ్చు కాబట్టి రెండోసారి చూసి తేల్చాల్సి వస్తుంది, అక్కడి డాక్టరుకు కిడ్నీ సంగతి ముందే చెప్పండి. అమ్మగారికి కూడా ఈ పేరా చదివి వినిపించండి, రాత్రి పూట పక్కన ఉండేది ఆవిడే కదా.

కాల్షియం మాత్రలు, విటమిన్ డి పొట్లాలు. అవే నాళాల్లో పేరుకున్నాయని చెప్పలేను, ఎక్స్‌రేలో కనబడింది ఏళ్ళ తరబడి కట్టుకున్నది. కానీ కిడ్నీ జబ్బులో అనవసరంగా కాల్షియం పోయడం ఆ పనికి సాయం చేసినట్టే. 60,000 యూనిట్ల పొట్లం కొన్ని వారాలకని మొదలుపెట్టి ఏడాదైనా ఆపకపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇప్పటికి రెండూ ఆపి, కాల్షియం, ఫాస్ఫేటు, విటమిన్ డి, పీటీహెచ్ (కాల్షియాన్ని అదుపు చేసే హార్మోన్) పరీక్షలు చేయించి, వాటిని బట్టి డాక్టరుగారు ఇస్తేనే వాడండి. అన్నట్టు కాళ్ళ నొప్పులకు కాల్షియంతో పాటు నొప్పి మాత్ర కూడా ఇస్తున్నారేమో ఆ చీటీ చూడండి. డైక్లోఫెనాక్, ఏసీక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ ఏవైనా బీపీని పెంచుతాయి, టెల్మిసార్టాన్ పని చెడగొడతాయి, పొటాషియం పెంచుతాయి. మూత్రం మాత్ర కూడా తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటే. నొప్పికి పారాసిటమాల్, వేడి కాపడం. నడిస్తే పిక్కలు పట్టేసి ఆగితే తగ్గే నొప్పి అయితే అది కాలి రక్తనాళాల జబ్బు కావచ్చు, ఆ మాట డాక్టరుకు చెప్పండి.

ఫాస్ఫేటు అనగానే ఇంట్లో పప్పు మాన్పించేస్తారు, ఆ పని చేయకండి. గింజల్లో ఉండే ఫాస్ఫేటు ఒంటికి తక్కువ పడుతుంది. కూల్‌డ్రింకుల్లో, ప్యాకెట్ మాంసంలో కలిపేది దాదాపు మొత్తం పడుతుంది. నల్లటి కోలా మానేస్తే పప్పు మానేసినదానికన్నా లాభం.

ఉప్పు దగ్గర మాత్రం నేను కఠినం. గట్టిపడ్డ నాళాలకు ఉప్పు నేరుగా దెబ్బ, రోజుకు 5 గ్రాములు, అంటే అన్నీ కలిపి ఒక టీ స్పూను. మన కోస్తాలో ఉప్పు కూరలో కనబడదు. ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండు చేపలు, పెరుగన్నంలో చిటికెడు, ఇలా చేరుతుంది. పచ్చడి పూర్తిగా మానమంటే నాన్నగారు మీ మాటా వినరు, నా మాటా వినరు. పూటకు ఒక బద్ద, అదీ ఊట లేకుండా, రోజుకు ఒకపూట. పెరుగన్నంలో ఉప్పు కలపడం మానిపిస్తే నెల తిరిగేసరికి నాలుక అలవాటు పడుతుంది. సైంధవ లవణం, పింక్ సాల్ట్ అని మార్చినా లాభం లేదు, అదీ సోడియమే. ‘లో సోడియం సాల్ట్’ అసలు తేవద్దు, దాంట్లో సోడియం బదులు పొటాషియం వేస్తారు, ఆయనకది ప్రమాదం. కొండపిండి ఆకు కషాయం లాంటివి ఎవరైనా తెచ్చిస్తే మర్యాదగా వద్దనండి, ఆకు రసాల్లోనూ పొటాషియమే.

చుట్ట సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఉంటే, అన్నం తిన్నాక ఒకటే అయినా సరే, మాన్పించండి. నడక రోజూ అరగంట, ఆయాసం రానంత వరకు.

కొబ్బరి నీళ్ళు. కోనసీమలో ఇంటి బోండాం వద్దని చెప్పడం నాకూ ఇష్టం లేదు. కానీ బోండాం నీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ, టెల్మిసార్టాన్ పొటాషియాన్ని బయటికి పోనివ్వదు, కిడ్నీకి పంపే శక్తి తగ్గింది. ఆ మాత్రకూ బోండాంకూ మధ్య ఒకటి ఎంచుకోమంటే మాత్రే ఎంచుకోవాలి. ప్రస్తుతానికి పూర్తిగా ఆపండి. మాత్ర మళ్ళీ మొదలుపెట్టిన రెండు వారాల పరీక్షలో పొటాషియం 4.5 చుట్టుపక్కలకు దిగితే, ఎప్పుడన్నా ఒక చిన్న గ్లాసుకు మీ డాక్టరుగారి అనుమతి అడగొచ్చు. 5 పైనే ఉంటే ఆ మాట ఎత్తకండి, బోండాలు పక్కింటివాళ్ళకు పంపండి.